రెండు వంటిళ్లు, ఒకటే రోలు

శ్రీరమణ ‘మిథునం’ కథను తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. చదివినవాళ్లు పదిమందికి చదివి వినిపించారు. బాపు గారు మురిసిపోయి కథ మొత్తాన్నీ తన దస్తూరీతో తిరగరాశారు. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని మలయాళానికి తీసుకెళ్లి ‘ఒరు చెరు పుంచిరి’ అనే సినిమాగా మలిచారు. 2012లో తనికెళ్ల భరణి తెలుగులో తీశారు. తెర మీద ఇద్దరే మనుషులు: అప్పదాసుగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పిల్లలంతా రెక్కలొచ్చి వెళ్లిపోయాక పల్లెటూరి పాత ఇంట్లో మిగిలిన దంపతులు, వాళ్ల పెరడు, వాళ్ల పాడి, అన్నిటినీ మించి వాళ్ల భోజనం. తర్వాత 2021 జనవరిలో ఆ మలయాళం నుంచే జియో బేబీ ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ వచ్చింది. అందులోనూ పాత ఇల్లే, పరువు గల కుటుంబమే, పూటపూటా వేడివేడి వంటే. మిథునం చూసి లేచినవాళ్లకు ఆకలేస్తుంది. రెండోది చూసినవాళ్లకు ముద్ద దిగదు.

ఇంటివంట గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినపడతాయి. అమ్మ చేతి ముద్ద, అమ్మమ్మ ఊరగాయ, పండగ పిండివంట అంటూ తడి కళ్లతో తలుచుకునే మాట ఒకటి. వంటిల్లు ఆడదాని చెర, అక్కడ అందం వెతకడమే మోసం అనే మాట మరొకటి. మిథునం మొదటి గట్టున, కిచెన్ రెండో గట్టున ఉన్నాయని చాలామంది తేల్చేశారు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. రెండు సినిమాలూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. ఏం వండాలో, ఎలా వండాలో, ఈ పూటకిక చాలని ఎప్పుడు చెయ్యి కడుక్కోవాలో చెప్పే అధికారం ఎవరిది? వండే మనిషికి ఆ మాట చెల్లే ఇంట్లో వంట కళ అవుతుంది, ఆనవాయితీ నిలుస్తుంది, మెచ్చుకోలుకు విలువ ఉంటుంది. ఆ మాట తినేవాళ్ల చేతుల్లోకి పోతే అదే రుచి, అదే ఆనవాయితీ వెట్టిగా మారతాయి.

మిథునంలో వంట ముందు చెవికి వినపడుతుంది. అప్పదాసు తినబోయేదాన్ని నోరారా తలుచుకుని గాని తినడు. కాఫీ మీద జొన్నవిత్తుల రాసిన దండకం ఉంది, ఆవకాయ గోంగూరల మీద ఒక పాటే ఉంది. భోజనం గురించి తెలుగులో ఉన్న నుడికారమంతా ఆ ఇద్దరి నోళ్లలో ఆడుతుంది. కథలోనూ అంతే. శ్రీరమణ వాక్యం చదువుతుంటే పోపు వాసన కాగితంలోంచి వస్తుంది. తిండిని ఇంత గౌరవంగా, ఇంత వైభవంగా రాసిన మరో ఆధునిక కథ మనకు అరుదు. తినడం గురించి మాట్లాడటం తక్కువరకం పని అనే బిడియాన్ని ఆ కథ మన సాహిత్యంలోంచి పోగొట్టింది. అందుకు శ్రీరమణకు ఎంత రుణపడినా తక్కువే.

జియో బేబీ తన సినిమాలో మాటను దాదాపు పక్కన పెట్టేశారు. నేపథ్య సంగీతమూ పెద్దగా లేదు. కూరగాయ తెగే చప్పుడు, కొబ్బరి తురిమే చప్పుడు, గిన్నెలు తోమే చప్పుడు, మళ్లీ కూరగాయ తెగే చప్పుడు. మనుషులకు పేర్లు కూడా పెట్టలేదు. అయినా వంటలోని అందం ఈ దర్శకుడికి తెలియదనుకుంటే పొరపాటు. సినిమా మొదట్లో పెళ్లిచూపుల కోసం ఒక ఇంట్లో తినుబండారాలు వేగుతుంటాయి, మరోచోట పెళ్లికూతురు నాట్యం చేస్తుంటుంది. ఆ రెంటినీ ఒకదాని వెంట ఒకటి చూపిస్తాడు. కాలి గజ్జెకూ నూనెలో పొంగే బుడగకూ ఒకటే లయ. పెళ్లయిన కొత్తలోనూ అత్తాకోడళ్ల చేతుల్లో ప్రతి వంటకమూ చూడముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత అవే చేతులు, అదే గట్టు, అదే పొయ్యి మళ్లీ మళ్లీ మళ్లీ చూపిస్తాడు, అందమంతా ఇంకిపోయి పని ఒక్కటే మిగిలేదాకా. మిథునం కంచం దగ్గర కూర్చుని వంటను చూసింది. కిచెన్ సింకు దగ్గర నిలబడి చూసింది. ఎవరు ఎక్కడున్నారన్నదే ఇక్కడ కథను నడిపించింది.

ఇక రోలు సంగతి. కిచెన్‌లో మామగారు మంచి మనిషిలాగే కనపడతాడు. గొంతెత్తడు, కసరడు. పచ్చడి మిక్సీలో వేశావా అమ్మా అని మెల్లగా అడుగుతాడు. రాతి మీద నూరితే ఆ రుచే వేరంటాడు. అన్నం కుక్కర్లో వద్దు, కట్టెల పొయ్యి మీద వార్చమంటాడు. బట్టలు మెషీన్లో వేస్తే పాడవుతాయి, చేత్తో ఉతకమంటాడు. అడిగినవన్నీ పాత పద్ధతులే, రుచి గురించి అతను చెప్పిందీ అబద్ధం కాదు. రోట్లో నలిగిన పచ్చడి పలుకుపలుకుగా ఉంటుంది, మిక్సీ బ్లేడు తిరిగే వేడికి కొన్ని వాసనలు పోతాయి. ఈ సంగతులు రోజూ వండేవాళ్లందరికీ తెలుసు. మిథునం కూడా ఇదే నమ్మకం మీద నిలబడింది: చేత్తో చేసుకున్నదే రుచి, పెరట్లో కోసుకున్నదే కూర. అయితే అక్కడ ఆ నమ్మకం ఖర్చు ఇద్దరూ కలిసి భరిస్తారు. తోట పనీ పశువుల పనీ అప్పదాసు చేతుల మీదుగా జరుగుతాయి. కూర పొయ్యి మీదికి వచ్చేదాకా దాని బరువు అతని భుజాన ఉంటుంది. కిచెన్ మామగారు రోటి రుచి కోరతాడు కానీ పొత్రం మీద చెయ్యి వెయ్యడు. పొద్దున్నే పళ్లు తోముకునే బ్రష్షు మీద పేస్టు కూడా ఆయన భార్యే వేసి అందిస్తుంది. ఒకే రోలు ఒక ఇంట్లో ఇష్టంగా, మరో ఇంట్లో ఆజ్ఞగా మారడానికి కారణం ఇది.

కట్టెల పొయ్యి రుచిని తలుచుకునేవాళ్లకు ఒక మాట గుర్తు చెయ్యాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు, 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చినప్పుడు, ఆ పొగలో కళ్లు మండించుకున్న ఆడవాళ్లు సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నారు. పుల్లలు ఏరుకొచ్చి, గొట్టంతో ఊది, మసి గిన్నెలు బూడిదతో తోమినవాళ్లు రుచి పోతుందని అప్పుడు అడ్డం చెప్పలేదు. పొగ మీద మమకారం ఎక్కువగా పొగ పీల్చనివాళ్లకే ఉంటుంది.

ఇంటివంటలో సృజన అంటే కొత్త వంటకం కనిపెట్టడమని అనుకుంటారు. నేను అనుకునేది వేరు. ఇంట్లో ఉన్నదానితో, మిగిలినదానితో, కొంతమంది పారేసేదానితో పూట గడపడంలో ఆ తెలివి ఎక్కువ పనిచేస్తుంది. ఇడ్లీ పిండి కాస్త మిగిలితే దిబ్బరొట్టె. పెరుగు పులిసిపోతే మజ్జిగపులుసు. రాత్రి అన్నం మిగిలితే పొద్దున తాలింపు అన్నం, లేదా పులిహోర. బూడిదగుమ్మడి కాయ పెద్దదైతే వడియాలు. వీటిని మొదట చేసిన మనిషి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు, కానీ ఎవరో ఒకరు ఒకానొక పూట తెగించి చేశారు, తిన్నవాళ్లు బాగుందన్నారు, మర్నాడు పక్కింటావిడ వచ్చి ఎలా చేశావని అడిగింది.

మా మేనత్త బీరపొట్టు పచ్చడి చేసేది. బీరకాయ మీది గరుకు ఈనెలు తీసి కూరకు కాయను పక్కన పెట్టి, ఆ చెక్కును సన్నగా తరిగి, చెంచాడు నూనెలో తడి ఇంకి కరకరలాడేదాకా వేయించేది. ఇక్కడ తొందరపడితే పచ్చడి పచ్చివాసనేస్తుంది. అదే బాండీలో మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర ఎర్రగా వేగేవి. రోట్లో ముందు ఆ పప్పూ మిర్చీ ఉప్పుతో దంచి, నానిన చింతపండు వేసి, చివర్లో పొట్టు వేసి నాలుగు పోట్లు మాత్రం వేసేది, మెత్తగా అయితే పీచు తెలిసే సుఖం పోతుందని. ఒకరోజు ఇంట్లో మినప్పప్పు నిండుకుంది. డబ్బాలో గుప్పెడు నువ్వులుంటే అవి వేయించి వేసింది. ఆ పూట మా మామయ్య రెండోసారి వడ్డించుకుని, “ఇకనుంచి ఇట్లాగే చెయ్యి” అన్నాడు. అత్త వెంటనే, “ఇట్లా కూడా చేస్తా, అట్లా కూడా చేస్తా. ఇంట్లో ఏముంటే అది” అంది. ఆ మాటలో నాకు ఇంటివంట సూత్రమంతా వినపడుతుంది. మెచ్చుకోలు తీసుకుంది, ఆజ్ఞ తీసుకోలేదు. ఇవాళ మా ఇళ్లలో ఆడపిల్లలూ మగపిల్లలూ నువ్వులు వేసే చేస్తున్నారు, అది మా ఇంటి ఆనవాయితీ అంటున్నారు. ఒక మధ్యాహ్నం పప్పు నిండుకోవడం వల్ల పుట్టిన ఆనవాయితీ అది.

ఈ కొలబద్దతో చూస్తే కిచెన్ కోడలికి జరిగిన అన్యాయం ఇంకా లోతుగా కనపడుతుంది. ఆమెకు పని ఎక్కువైందన్నది ఒక బాధ. తనదంటూ ఒక వంట చేసుకునే అవకాశం ఏ పూటా దొరకలేదన్నది మరో బాధ. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఫోన్లో అడిగి తెలుసుకుంటూ ఎంతో శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఆ శ్రద్ధకు ప్రతిఫలం ‘ఇది ఇలా కాదు’ అన్న మెత్తటి సవరణ. ఆ ఇంట్లో వంటకు ఒక స్థిరమైన నమూనా ఉంది, అది అత్తగారి చేతిలో తయారైంది, మామగారి నాలుక దానికి కాపలా. కోడలు ఆ నమూనాకు నకలు తీయాలంతే. ఇంట్లో బంధువు ఒకాయన వచ్చి, ఈ పూట మగవాళ్లం వండుతామని సరదాపడి, వంటిల్లంతా చిందరవందర చేసి వదిలి వెళ్లే ఘట్టం ఉంది. వాళ్లకు ఆ పూట వంట ఆటలా, పండగలా ఉంది. నచ్చినట్టు కలిపే స్వేచ్ఛ వాళ్లకు అడగకుండానే దొరికింది. ఎత్తిపెట్టే పని మాత్రం మళ్లీ ఆడవాళ్లదే. సృజన ఎవరికి, శుభ్రం చేసే పని ఎవరికి అన్న పంపకాన్ని ఇంత సూటిగా చూపించిన సన్నివేశం నేను మరో సినిమాలో చూడలేదు.

మిథునంలో ఈ పంపకం వేరేలా ఉంది, పూర్తిగా సమంగా మాత్రం లేదు. అప్పదాసు రసికుడు. అతని నాలుకకు తోచిన ఊహకు బుచ్చిలక్ష్మి చెయ్యి రూపమిస్తుంది. ఆమె ఊరికే తలొంచుకుని చేసే మనిషి కాదు. కసురుతుంది, దెప్పుతుంది, అడ్డం తిరుగుతుంది, ఆ మాటకు మాట వల్లే వాళ్ల దాంపత్యం అంత సజీవంగా ఉంది. పని ఆమెదైనా పొయ్యి మీద పెత్తనం కూడా ఆమెదే. అయినా ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వదు. అప్పదాసుకు ఏమేం ఇష్టమో మిథునం చదివినవాళ్లూ చూసినవాళ్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పగలరు. బుచ్చిలక్ష్మికి ఏమిష్టం అని అడిగితే కాసేపు ఆలోచనలో పడతారు. ఆమె తిండి కథ మధ్యలోకి రాలేదు. ఆమె రుచి ఆయన రుచిలో కలిసిపోయిందని రచయిత భావించి ఉండవచ్చు. ఆ కలిసిపోవడాన్ని ప్రేమ అని మనం సంబరంగా చదువుకున్నాం. కిచెన్ చూశాక మళ్లీ మిథునం తెరిస్తే ఆ పేజీలు అంతకుముందు చదివినంత తేలిగ్గా జరగవు.

మెచ్చుకోలు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇంటివంటకు జీతం లేదు, సెలవు లేదు. ఆ చేతికి అందేది ఒక్క మాటే. ఉప్పు సరిపోయిందనో, ఇంకో గరిటె వెయ్యమనో. అప్పదాసు ఆ మాట విషయంలో పిసినారితనం చూపించడు. తిన్న ప్రతిదాన్నీ వివరంగా, పేరుపెట్టి మెచ్చుకుంటాడు. ఎక్కడ ఏది ఎందుకు కుదిరిందో తెలిసి మెచ్చుకుంటాడు. తెలిసి మెచ్చుకోవడమే వండేవాళ్లకు నిజమైన గౌరవం. కిచెన్ మామగారూ మెచ్చుకుంటాడు, ఆ మెచ్చుకోలు తీరు చూడండి. కోడలు ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే, తన భార్య పోస్ట్ గ్రాడ్యుయేట్ అయినా ఇంటిపట్టునే ఉండి పిల్లల్ని పెంచిందనీ, ఆ పని మంత్రుల పనికంటే, ఐఏఎస్‌ల పనికంటే గొప్పదనీ అంటాడు. వాక్యంగా చూస్తే గొప్ప ప్రశంస. దాని పని మాత్రం తలుపు గడియ పెట్టడం. మెచ్చుకోలు మనిషిని గుమ్మం దాటించి ముందుకు పంపాలి. అది ఉన్నచోటే కూర్చోబెట్టడానికి వాడితే, చీవాట్ల కంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే చీవాట్లకు ఎదురు తిరగొచ్చు.

గుమ్మం దాటించిన మెచ్చుకోలుకు మద్రాసులో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఎస్. మీనాక్షి అమ్మాళ్ చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్నారు. ఆమె వంట బంధువుల్లో పేరుపడింది. కాపురాలకు వెళ్లిన ఆడపిల్లలు ఉత్తరాలు రాసి కొలతలు అడిగేవాళ్లు. ఇదంతా పుస్తకంగా రాయమని ఆమెకు పెద్దదిక్కు అయిన న్యాయవాది కె.వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రోత్సహించారు. 1951లో ‘సమైత్తు పార్’ వెలువడింది. పెళ్లికూతుళ్ల సారెలోనూ, విదేశాలకు వెళ్లే పిల్లల పెట్టెల్లోనూ ఆ పుస్తకం చోటు సంపాదించుకుంది. మన మాలతీ చందూర్ కూడా మద్రాసులోనే ఉండి ‘వంటలు-పిండివంటలు’ రాశారు. ఆ పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో పాత తెలుగు ఇళ్ల అలమరాలు చెబుతాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల తరబడి నడిపి, నవలలు రాసి, ప్రపంచ సాహిత్యాన్ని పరిచయం చేసిన ఆ చెయ్యే పులుసులో బెల్లమెంతో కూడా చెప్పింది. ఆవిడకు ఒక పని మరో పనికి అడ్డం రాలేదు. ఈ ఇద్దరి చేతుల్లో ఇంటివంట సంతకం ఉన్న రచనగా మారింది. ఎవరెవరో చేసిన వంటను ఇక్కడ ఒకరు తమ పేరుతో రాశారు.

సంతకం అనగానే గిన్నెలు గుర్తొస్తాయి. మన ఇళ్లలో స్టీలు గిన్నె కొంటే దుకాణంలోనే అంచున పేరు చెక్కించే అలవాటుంది, చుక్కలు చుక్కలుగా. తోమేది ఒకరు, పేరు ఇంకొకరిది. విమల తన ‘వంటిల్లు’ కవితలో ఈ సంగతిని పట్టుకుని దాన్ని తెలుగు స్త్రీవాద కవిత్వంలో మరిచిపోలేని చోట నిలిపారు. ఆ కవిత చిన్ననాటి వంటింటి వాసనలతో, ఆ అబ్బురంతో మొదలవుతుందన్నది చాలామంది గుర్తుంచుకోరు. వంటిల్లంటే ప్రాణంగా ఉన్న మనిషి దాన్ని చెరగా ఎలా గుర్తించిందో ఆ ఒక్క కవితలోనే ఉంది. మిథునం, కిచెన్ రెండూ కలిసి చెప్పినదాన్ని విమల అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక్కచోట చెప్పారు.

ఈ చెర ఎంతసేపటిదో అంకెలూ చెబుతాయి. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు. మగవాళ్లలో అసలు ఇంటిపని ముట్టేవాళ్లే నూటికి 26 మంది, ఆ ముట్టినవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. ఆడవాళ్లది దాదాపు ఐదు గంటలు. కిచెన్ సినిమా ఒక గంటా నలభై నిమిషాలే. చూసేవాళ్లు విసిగిపోయారని, అదే పని ఎన్నిసార్లు చూపిస్తారని కొందరు ఆక్షేపించారు. చూడటానికే విసుగు తెప్పించిన ఆ పనిని చేసే మనిషికి ఎలా ఉంటుందో ఆ విసుగే చెబుతుంది. సింకు కింద గొట్టం కారుతుంటే ప్లంబర్‌ను పిలవమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా భర్త మరిచిపోతాడు. అతను బడిలో పాఠాలు చెప్పే మాస్టారు, చదువుకున్నవాడు. తిన్న ములక్కాడ పిప్పి బల్ల మీదే వదిలేస్తాడు. హోటల్లో మాత్రం పద్ధతిగా తింటాడు, ఆ తేడా ఆమె నవ్వుతూ ఎత్తిచూపితే అవమానంగా తీసుకుంటాడు. కారే గొట్టం కింద పెట్టిన బకెట్టు చివరికి ఎక్కడికి చేరుతుందో చూసినవాళ్లకు తెలుసు. మిథునం ఎంత గొప్పదైనా అందులో ఎంగిలి కంచం బరువు ఎంతో మనకు తెలియలేదు. అంత తిన్నాక, అన్ని వంటకాలు వండాక, అన్ని గిన్నెలు ఉండి తీరాలి కదా.

రెండు సినిమాలకూ కలిపి నా ఫిర్యాదు ఒకటుంది. రెండింటిలోనూ వండే మనిషి ఒంటరి. బుచ్చిలక్ష్మికి అప్పదాసు తప్ప లోకం లేదు. కిచెన్‌లో అత్తగారు కూతురి పురిటి కోసం వెళ్లేదాకా ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక మౌనమైన సాయం ఉంటుంది, ఆవిడ వెళ్లగానే ఇల్లు కోడలి మీద కూలబడుతుంది. మన వంట ఆనవాయితీ ఇంత ఒంటరిది కాదు. తెలంగాణ పల్లెల్లో సంక్రాంతికి సకినాలు చేసే రోజు చూడండి. తడి బియ్యప్పిండిలో వాము, నువ్వులు కలిపి, నేల మీద శుభ్రమైన గుడ్డ పరిచి, చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వెయ్యాలి, తెగకూడదు, మందం మారకూడదు. మొదటిసారి కూర్చున్న పిల్ల చుట్టు వంకరపోతుంది. పక్కనున్న పెద్దమ్మ దాన్ని చెరపదు, “పోనీలే బిడ్డా, నూనెలో అన్నీ ఒకటే” అని పక్కన పెడుతుంది. మూడో ఏడుకు ఆ పిల్ల చెయ్యే అందరికంటే నున్నగా తిరుగుతుంది. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అంటూ వంతులుగా పని పంచుకుంటారు. కోస్తాలో మామిడికాయలు దిగినప్పుడు ఆవకాయ పెట్టే రోజూ ఇంతే. కాయ తుడిచేవాళ్లు, టెంకతో ముక్క కొట్టేవాళ్లు, జీడి తీసేవాళ్లు, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు చూసేవాళ్లు, పప్పునూనె పోసేవాళ్లు వేరువేరు. మూడో రోజు తిరగకలిపి, వేడన్నంలో మొదటి ముద్ద కలిపి పెట్టేటప్పుడు ఆ ముద్ద కోసం వరసలో అందరూ ఉంటారు. ఈ గుంపు లేకుండా పోయాకే వంటిల్లు ఒక్క మనిషికి చెరగా మిగిలిందని నా నమ్మకం. ఈ గుంపు కూడా ఎక్కువగా ఆడవాళ్ల గుంపే అన్నది నిజం. అయినా అక్కడ నవ్వు ఉంది, పాట ఉంది, నేర్పే చెయ్యి ఉంది. కిచెన్ దర్శకుడు ఈ గుంపు జోలికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఆ కోడలి ఒంటరితనం ఇంకా పదునెక్కేది.

ఆ సినిమాలో నాకు లోటుగా తోచిన ఇంకో సంగతి దాని ముగింపు. ఆమె ఇల్లు వదిలి నాట్యం నేర్పే గురువైంది. బాగుంది. వంట ఆమె జీవితంలోంచి ఏమైపోయిందో సినిమా చెప్పదు. ఆ మనిషి తన ఇంట్లో, తన ఆకలి కోసం, తనకు నచ్చినట్టు ఒక్క దోసె పోసుకుని తినడం చూపించి ఉంటే వంట మీద ఆ ఇంటి మగవాళ్లు సంపాదించిన హక్కును అక్కడికక్కడే వెనక్కి లాక్కున్నట్టయ్యేది. దర్శకుడు వంటను ఆ ఇంటికే వదిలేశాడు. వంట అంత తేలిగ్గా వదులుకోవాల్సిన ఆస్తి కాదు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ ఆ హక్కును ఎలా అనుభవించిందో లోకమంతా చూసింది. 2016లో మునిమనవడూ అతని స్నేహితుడూ కెమెరా పట్టుకుని ఆమె వంటను యూట్యూబ్‌లో పెట్టారు. ఆరుబయట కట్టెల పొయ్యి, రోలు, అల్లం తోలును గోటితోనే గీకే చెయ్యి. కిచెన్ మామగారు కోరుకున్న పాత పద్ధతులన్నీ అక్కడ ఉన్నాయి. తేడా అల్లా ఆ పొయ్యి దగ్గర ఆమెకు చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లున్నారు. పుచ్చకాయను తొలిచి అందులో కోడికూర వండటం ఏ తెలుగు ఆనవాయితీలోనూ లేదు. ఆ వయసులో ఆమె అది చేసింది, లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో ఆమె పోయింది. బుచ్చిలక్ష్మి లాంటి మరో పెద్దావిడకు తినేవాళ్లు ఒక్కరుగా కాక ఊరంతా, లోకమంతా అయితే ఎలా ఉంటుందో అక్కడ కనపడింది.

మిథునంలో దూరంగా ఉన్న ఆ పిల్లల మీద మనకు ఎప్పుడూ కాస్త కోపమే. అమ్మానాన్నల్ని వదిలి వెళ్లారని. కథకు ఆ కోపం అవసరం కావచ్చు. కానీ ఆ పిల్లల వంటిళ్లలోకి ఇప్పటిదాకా ఏ కెమెరా గట్టిగా తొంగిచూడలేదు. అమెరికాలో తెలుగువాళ్లు మామిడికాయ దొరకని రోజుల్లో పుల్లటి పచ్చ యాపిల్‌తో పప్పు వండుకుంటున్నారు. నవంబరులో అంగళ్లలో క్రాన్‌బెర్రీలు రాగానే వాటితో పచ్చడి నూరుతున్నారు, పులిహోర కలుపుతున్నారు. చాలా ఇళ్లలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలు చేసి, ఇద్దరూ వండి, ఇద్దరూ డిష్‌వాషర్ సర్దుకుంటున్నారు. కొన్ని ఇళ్లలో మగవాడి ఫోను గట్టు మీద నిలబెట్టి ఉంటుంది, అవతల తల్లి ముఖం. “అమ్మా, ఇంగువ ముందా, ఆవాలు ముందా?” అని అడుగుతాడు. ఆవిడ క్రాన్‌బెర్రీ ఎప్పుడూ రుచి చూడలేదు. అయినా దాని రంగు చూసి, పులుపెంతో కొడుకును అడిగి, “అయితే బెల్లం తగ్గించి, మెంతిపొడి చిటికెడు వేసి చూడు, ఎలా ఉందో నాకు చెప్పు” అంటుంది. మర్నాడు అతను చెబుతాడు. వచ్చే ఏడు ఆవిడ తన చెల్లెలికి ఆ పచ్చడి గురించి ఫోన్లో పాళ్లతో సహా చెబుతుంది, తాను చేసినట్టే. తనికెళ్ల భరణికో జియో బేబీకో, వాళ్ల తర్వాత వచ్చే మరొకరికో ఈ వంటింట్లో ఒక సినిమా ఉంది.